నూటనలభై రూపాయల కత్తి

వేట నిషేధం ముగియడానికి ఇంకా తొమ్మిది రోజులు.
జెట్టీకి కట్టేసిన బోట్లు
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటున్నాయి.
పూర్ణా మార్కెట్ నుంచి మస్తాన్ వలీ
సైకిలు మీద తెచ్చాడు మడతకత్తులు,
రెండు రకాలు, డజనేసి.
ఏదైనా నూటనలభై.
"స్టెయిన్‌లెస్ అన్నా, తుప్పన్న మాటే లేదు."
తుప్పు పట్టనిదాన్ని ఈ హార్బరులో నేను చూళ్లేదు.
కొట్టు బోర్డు మీద మా నాన్న పేరులో
సగం ఉప్పే తినేసింది.

డజనుకి ఒకదాన్ని చంపుతాను. అది నా లెక్క.

ముందు సముద్రపు నీళ్ల డబ్బాలో మూడు రాత్రులు.
నాలుగో పొద్దున చేతికి చేపజిగురు పూసుకుని
ఒక్క బొటనవేలితో తెరుస్తాను.
రెండో చెయ్యి వాడకూడదు.
రెండో చెయ్యి అక్కడ, నీళ్ల మీద,
దేన్నో పట్టుకుని ఉంటుంది.

తర్వాత లంగరు తాడు.
పాత నైలాను, లోపలిదాకా ఇసక దిగింది.
కోసినకొద్దీ బద్ద కసకసమని తిడుతుంది.
నలభై కోతలు లెక్కపెట్టాలి.
ఇరవై ఏడో కోతకే మొదటి రకం నోరు పోయింది,
ముసలి పిల్లి గోరులా తాడు మీద జారింది.
ఆ డజను వెనక్కి పోయింది.

తర్వాత బోటు అడుగున గుల్లలు.
మొన కింద దూర్చి, మెలేసి, పైకి లేపాలి.
"కత్తి కొయ్యడానికి గానీ లేపడానికేటి మావా?"
టీ తెచ్చిన గుంటడి నవ్వు.
నిజమే.
కానీ నడిసముద్రంలో స్క్రూడ్రైవరు ఎప్పుడూ
పక్క బోటులోనే ఉంటుంది.

ఆఖరిది తాళం.
తెరిచిన కత్తి వీపు మీద టేకు చెక్కతో కొడతాను.
బద్ద మడతపడే దారిలో వేళ్లు పెట్టను.
ఇప్పుడు పెట్టను.
కుడిచేతి చూపుడువేలు రెండో కణుపు దాకా
ఒక ఎనభై రూపాయల కత్తి తీసుకుంది,
కాకినాడకి ఎగువన, వంజరం వల చిక్కుపడ్డ రాత్రి.
ఎర్రపిడి. మంచి మెరుపు.
తాళం ఉందనే అనుకున్నాను.
ఉన్నట్టే చప్పుడు చేసింది.

రెండో రకం తట్టుకుంది.
పద్నాలుగు దెబ్బలు.
మొన కాస్త వంగింది, పిడి మీద నల్లరంగు లేచి
లోపలి తెలుపు పళ్లికిలించింది.
తాళం కదల్లేదు.
కూచుని బీడీ ముట్టించాను.

ముట్టించాకే తట్టింది.
నేను అమ్మబోయేది దీన్ని కాదు.
దీని పక్కన పడుకున్న పదకొండింటిని.
వాటికి ఉప్పు తెలీదు, తాడు తెలీదు.
అన్నీ ఒకే అచ్చు పిల్లలని మస్తాన్ వలీ మాట.
మా ఇంట్లోనూ ముగ్గురం ఒకే అచ్చు.
ఏ ఇద్దరమూ ఒకచోట విరగలేదు.

జూన్ పద్నాలుగు సాయంత్రం
మైలపల్లి ఎల్లాజీ కొడుకు కొర్లయ్య వచ్చాడు.
వాడికిదే మొదటి వేట.
కొత్తది ఇచ్చాను. తిప్పి చూసి పెట్టేశాడు.
బల్ల మూలనున్న దెబ్బలదాన్ని తీశాడు.
"ఇదియ్యి బాబయ్యా."
"దాని బతుకంతా నేనే వాడేశాన్రా."
"దీని దెబ్బలు అగుపడతన్నాయి.
కొత్తవి ఏటవుతాయో నీకూ తెలీదు గదా."

అలిసిపోవడం వేరు, ఆరితేరడం వేరు అని చెప్పబోయాను.
ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో
నాకే తెలీక ఊరుకున్నాను.
సానరాయి మీద మొన సరిచేసి, కీలుకి నూనె వేశాను.
డబ్బులొద్దన్నాను.
ఊరికే వచ్చిన కత్తి నీళ్ల మీద మాట వినదని
వాళ్లమ్మ చెప్పిందట.
నూటనలభై లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు,
అందులో ఇరవై, చిల్లర.

అర్ధరాత్రి దాటాక ఇంజన్లు ఒక్కొక్కటే దగ్గాయి.
డాల్ఫిన్ నోస్ కింద దీపాలు వంపు తిరిగి
కొండ చాటుకి పోయాయి.

కొట్టు మూశాను, ఇంటికి పోలేదు.
పదకొండింట్లోంచి ఒకదాన్ని తీసి
బొటనవేలితో తెరిచాను, మూశాను.
మళ్లీ తెరిచాను.
టక్.
మంచి తాళం చప్పుడే.
ఎర్రపిడి దానిదీ అచ్చం ఇలాగే ఉండేది.